స్కూలు చివరి ఏడాదిలో ఫ్యాషన్ కలను పనిలో పెట్టడం ఎలా?

ఫ్యాషన్ అంటే ప్రాణం పెట్టే పిల్లల్ని స్కూలు చివరి ఏడాదిలో "తర్వాత ఏంటి?" అని అడిగితే జవాబు తడుముకోకుండా వస్తుంది. ఫలానా కాలేజీలో సీటు, ఆ తర్వాత సొంత బ్రాండ్. బ్రాండ్ పేరు ఎప్పుడో ఖాయమైపోయి ఉంటుంది, లోగో కూడా లెక్కల నోటుబుక్ చివరి పేజీలో సిద్ధంగా ఉంటుంది. "ఇప్పటిదాకా ఏం కుట్టావు?" అంటే మాత్రం మాట రాదు. తప్పు పట్టడానికి చెప్పడం లేదు. బొమ్మలు చూసి ఇష్టపడే రంగం ఇది, గుడ్డ చేతికొచ్చేసరికి ఆలస్యమవుతుంది.

నన్నడిగితే ఈ ఏడాదికి పెద్ద లక్ష్యం ఒక్కటి చాలు: స్కూలు అయిపోయేలోపు ఒక్క వస్త్రాన్ని, కొలతలు తియ్యడం దగ్గర్నుంచి ఆఖరి ఇస్త్రీ దాకా, నీ చేత్తో పూర్తి చెయ్యి. నీకు ఏ కోర్సు పడుతుందో, అసలు కుట్టు వైపు రావాలో, ఫ్యాషన్‌లోనే ఇంకో దారి పట్టాలో ఆ పనే చాలావరకు తేల్చేస్తుంది. కింద చెప్పే అడుగులన్నీ దాని చుట్టూ తిరిగేవే.

మొదటి అడుగు: నీ ఇష్టం ఏ రకమో తేల్చుకో

"నాకు ఫ్యాషన్ ఇష్టం" అంటే ఏమీ తెలియదు. ఒక చిన్న పుస్తకం పెట్టుకుని, కొన్ని వారాలపాటు ఏ బట్ట దగ్గర నీ చూపు ఆగితే దాని గురించి ఒక లైను రాయి. "సూపర్‌గా ఉంది" అని రాయకు. సూపర్‌గా ఉన్నదేంటో రాయి. "భుజం కుట్టు కొంచెం ముందుకు జరిపారు, అందుకే మెడ పొడుగ్గా కనిపిస్తోంది." "ఈ గుడ్డ మనిషి ఆగాక కూడా ఓ క్షణం కదులుతూనే ఉంది." "మాసిన జీన్స్ మీద మెరిసే చొక్కా ఎబ్బెట్టుగా ఉండాలి, కానీ లేదు." "షాపులో అన్నిటికంటే ముందు ఇదే ఎందుకు తగిలించారు?"

తర్వాత ఓ రోజు కూర్చుని మొత్తం చదువు. ఒకే రకం వాక్యాలు పదే పదే కనిపిస్తాయి. కుట్లు, ఆకారాల మీదే కన్ను పడుతోందంటే నీది ప్యాటర్న్ కటింగ్ (ప్యాటర్న్ అంటే గుడ్డ కొయ్యడానికి కాగితం మీద గీసుకునే ముక్కల ఆకారాలు), డిజైన్ వైపు మనసు. గుడ్డ, రంగు, నేత అయితే టెక్స్‌టైల్ డిజైన్. దేని మీద ఏది వెయ్యాలన్నది స్టైలింగ్. ఏది అమ్ముడుపోతుంది, ఎందుకు అన్నది బయింగ్, మర్చండైజింగ్. పాత్రకు తగ్గ బట్టలు ఊహిస్తుంటే కాస్ట్యూమ్ డిజైన్. ఇవి కాక నాణ్యత చూసేవాళ్లు, గుడ్డ సేకరించేవాళ్లు, కంప్యూటర్ మీద ప్యాటర్న్‌లు సైజుల వారీగా పెంచేవాళ్లు, మ్యూజియంలో పాత వస్త్రాలను కాపాడేవాళ్లు ఉంటారు. ఈ రంగంలో ర్యాంప్ చివర్లో వచ్చి చెయ్యి ఊపేది ఒక్కరే. ఆ ఒక్కరి వెనక పనిచేసేవాళ్లు ఎందరో.

పేరున్న డిజైనర్లు వచ్చిన దారులు కూడా ఒక్కటి కాదు. జార్జియో అర్మానీ వైద్యవిద్యలో చేరి మధ్యలో వదిలేసి, మిలాన్‌లో ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో అద్దాల కిటికీలు అలంకరించే పని చేశాడు. మియుచా ప్రాడా రాజనీతి శాస్త్రంలో పీహెచ్‌డీ చేసింది. వర్జిల్ అబ్లో సివిల్ ఇంజనీరింగ్, ఆ తర్వాత ఆర్కిటెక్చర్ చదివాడు. రేయ్ కవకుబో ఫ్యాషన్ డిజైన్ కోర్సే చెయ్యలేదు. ఇలాంటి కథలు విని "అయితే చదువు అక్కర్లేదు" అనుకునేవాళ్లు బ్రిటిష్ డిజైనర్ అలెగ్జాండర్ మెక్‌క్వీన్ కథ పూర్తిగా వినాలి. అతను 16 ఏళ్లకే స్కూలు వదిలేశాడు, నిజమే. వదిలి చేరింది లండన్‌లోని సావిల్ రో అనే వీధిలో, కోట్లు కుట్టే పేరున్న దర్జీల దగ్గర అప్రెంటిస్‌గా. కోటు లోపల ఏముంటుందో అక్కడ నేర్చుకున్న తర్వాతే సెంట్రల్ సెయింట్ మార్టిన్స్ అనే ఆర్ట్ కాలేజీలో ఎంఏ చేసి 1992లో బయటికొచ్చాడు. స్కూలు మానడం కాదు ఇక్కడ చూడాల్సింది, ఎక్కడ చేరాడన్నది.

రెండో అడుగు: పాత చొక్కా ఒకటి విప్పు

కుట్టడానికి ముందు విప్పాలి. పైసా ఖర్చులేని పాఠం ఇది, ఏ వీడియో చూసినా ఇంత రాదు. ఇంట్లో ఇక ఎవరూ తొడుక్కోని, గుండీలున్న చొక్కా ఒకటి అడిగి తీసుకో. కత్తెరతో కొయ్యకు. కుట్లు విప్పే చిన్న పనిముట్టుతో గానీ పదునైన సూదితో గానీ ఒక్కో కుట్టే తెంపుతూ రా. తొందరపడితే గుడ్డ చిరుగుతుంది, అప్పుడు ముక్క అసలు ఆకారం పోతుంది.

కుట్టేటప్పుడు చివర చేసిన పని విప్పేటప్పుడు ముందు వస్తుంది. గుండీలు తియ్యి, కింద మడత విప్పు. తర్వాత కఫ్‌లు. పక్క కుట్టు, చెయ్యి కింది కుట్టు చాలా చొక్కాల్లో ఒకే గీతగా సాగుతాయి. అంటే చెయ్యిని ముందు భుజానికి అతికించి, ఆ తర్వాత నడుము నుంచి మణికట్టు దాకా ఒకే ఊపులో కుట్టేశారన్నమాట. అది కనిపెట్టిన నిమిషాన నీకు ఫ్యాక్టరీ బుర్ర కొంచెం అర్థమైనట్టే.

కాలర్ దగ్గర ఆగు. బయటికి ఒకే ముక్కలా కనిపించేది విప్పితే కాలర్ పైపొర, కింది పొర, మెడను చుట్టే బ్యాండ్‌కి రెండు పొరలు, మధ్యలో బిగువుకోసం బక్రం. పైపొర కింది పొరకంటే నూలు వాసి పెద్దదిగా ఉందేమో రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడు. మంచి చొక్కాల్లో అలా ఉంచుతారు. కాలర్ మడిచినప్పుడు పైపొర ఎక్కువ దూరం తిరగాలి కదా, రెండూ సమానమైతే కొనలు పైకి లేస్తాయి. వేసుకున్నప్పుడు కొనలు లేచి విసిగించే చొక్కా ఇంట్లో ఉంటే దాన్ని కూడా పరీక్షించు.

ఇప్పుడు చెయ్యి ముక్క పరిచి దాని పైభాగపు వంపును టేపు నిలువుగా పట్టి కొలువు. శరీర భాగంలో చెయ్యి అతికే గుండ్రటి వంపునూ కొలువు. రెండూ ఒకటే ఉండాలనిపిస్తుంది, కానీ చాలాసార్లు చెయ్యి వంపే కొంచెం ఎక్కువ వస్తుంది. ఆ కొంచెం భుజం గుండ్రటి భాగం మీద సర్దుకుంటుంది. చెయ్యి ఎత్తితే చొక్కా మొత్తం పైకి లాగుతోందా లేదా అన్నది ఎక్కువగా ఈ రెండు వంపుల ఆకారం మీదే ఆధారపడి ఉంటుంది.

ముక్కలన్నీ ఇస్త్రీ చేసి, పాత న్యూస్‌పేపర్ల మీద పరిచి గీత గియ్యి. ప్రతి ముక్క మీదా పడుగు దారం (గుడ్డ పొడవునా నడిచే దారం) ఎటు పోతోందో బాణం గుర్తు పెట్టు. చొక్కా ఒంటికి సరిపోయేదైతే నీ దగ్గర ఇప్పుడొక ప్యాటర్న్ ఉన్నట్టే.

మూడో అడుగు: ఒక వస్త్రం, మొదటి నుంచి చివరి దాకా

మొదటి వస్త్రానికి పెళ్లి గౌను ఊహించకు. ఎలాస్టిక్ నడుము ఉన్న స్కర్టు, వదులు పైజామా, చేతుల్లేని సాదా టాప్, వీటిలో ఒకటి చాలు. గుడ్డ మధ్యరకం కాటన్ తీసుకో. జారిపోయే శాటిన్, సాగిపోయే నిట్ గుడ్డ మొదటిసారే పట్టుకుంటే మిషన్ మీద విరక్తి పుడుతుంది.

కొన్న గుడ్డను ముందు ఉతికి ఆరెయ్యి. కాటన్ మొదటి ఉతుకులో కుంచించుకుపోవచ్చు. కుట్టాక ఆ సంగతి తెలిస్తే చేసేదేమీ లేదు. ఆరాక ఇస్త్రీ చేసి, అంచును గుర్తుపట్టు. అంచుకు సమాంతరంగా నడిచేది పడుగు, అడ్డంగా నడిచేది పేక. చేత్తో లాగి చూడు. పడుగు వైపు దాదాపు సాగదు, పేక వైపు కాస్త, 45 డిగ్రీల ఏటవాలుగా లాగితే బాగా సాగుతుంది. టైలర్లు 'క్రాస్ కటింగ్' అనేది దీన్నే. 1920లలో పారిస్‌లో డిజైనర్ మాడలీన్ వియోనే ఈ ఒక్క గుణాన్ని పట్టుకుని, శరీరం మీద నీళ్లలా జారే గౌన్లు చేసింది. ఆమె డిజైన్లు ఆలోచించింది నిలువెత్తు బొమ్మ మీద కాదు, సగం సైజు చెక్కబొమ్మ మీద. డబ్బు చూసుకుని ఖర్చు పెట్టాల్సిన వయసులో నీకూ ఇది మంచి కిటుకు. కొత్త ఆలోచన వస్తే సగం కొలతలతో చిన్నది చేసి చూడు, గుడ్డ నాలుగో వంతే పడుతుంది.

కొలతల్లో తికమక పడేది ఒకే చోట, లూజు. ఛాతీ 88 సెంటీమీటర్లుంటే 88కే కత్తిరించకూడదు. ఊపిరి తియ్యాలి, వంగాలి, చెయ్యి చాపాలి. సాగని గుడ్డకు ఎన్ని సెంటీమీటర్ల లూజు పెట్టాలో తెలియకపోతే, నీకు హాయిగా ఉండే పాత బట్టనే ఆదిగా పెట్టుకుని దాని చుట్టుకొలతలోంచి నీ ఒంటి కొలత తీసెయ్యి. మిగిలిందే నీకు నచ్చే లూజు. దీనికి కుట్టు మార్జిన్ వేరే కలుపుకోవాలి. ఇంట్లో కుట్టేవాళ్లకు 1.5 సెంటీమీటర్లు సౌకర్యం. పొరపాటు జరిగితే విప్పి సర్దుకోవడానికి చోటుంటుంది.

అసలు గుడ్డ కొయ్యకముందు కోరా గుడ్డ మీద గానీ పాత దుప్పటి మీద గానీ ఒక ట్రయల్ కుట్టి వేసుకుని చూడు. పెద్ద ఫ్యాషన్ హౌసుల్లోనూ ఇదే చేస్తారు, దాన్ని 'తువాల్' అంటారు. ఎక్కడ ముడత పడిందో అక్కడ పిన్ను పెట్టి, పెన్నుతో గుర్తు రాసి, ఆ మార్పును కాగితం ప్యాటర్న్ మీదికి ఎక్కించు. ట్రయల్‌ను పారెయ్యొద్దు, ఫొటోలు తీసి దాచు. ఎందుకో పోర్ట్‌ఫోలియో (కాలేజీవాళ్లకు చూపించే నీ పనుల ఫైలు) దగ్గర చెప్తాను.

కుట్టేటప్పుడు ప్రతి కుట్టు తర్వాతా ఇస్త్రీ పెట్టె అందుకో. చివర్లో ఒకేసారి చేద్దామనుకుంటావు, అందరూ అనుకుంటారు. కుట్టును విడదీసి నొక్కకుండా దాని మీద ఇంకో కుట్టు వేస్తే ఆ ఉబ్బు ఇక పోదు. చూడగానే "ఇది ఇంట్లో కుట్టింది" అని తెలిసిపోయేది ఎక్కువగా దీనివల్లే.

ఎన్ని గంటలు పట్టిందో గోడ మీద కాగితం అంటించి రాసుకుంటూ పో. పూర్తయ్యాక ఆ గంటలు కూడి, గుడ్డ, దారం, ఎలాస్టిక్ ఖర్చు కలిపి, నీ గంటకు నువ్వే ఒక కూలి వేసుకుని లెక్క కట్టు. అలాంటిదే షాపులో ఎంతకు అమ్ముతున్నారో చూడు. నీ లెక్క చాలా ఎక్కువొస్తుంది. కొంత తేడా వేగం వల్ల, మిషన్ల వల్ల. మిగతా తేడా ఎవరి జేబులోంచి వస్తోందని అడగడం కూడా ఈ చదువులో భాగమే. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది గార్మెంట్ కార్మికులు. బ్రాండ్ పెట్టాలనుకునేవాళ్లు లోగోకంటే ముందు తెలుసుకోవాల్సిన సంగతి అది.

నాలుగో అడుగు: పరీక్షలు, గడువులు

ఇందులో పెద్ద రహస్యమేం లేదు. ఒక కాగితం మీద ఏడాది నెలలు రాసి, వెనక నుంచి ముందుకు రా. చాలా కాలేజీల దరఖాస్తు గడువు ఫైనల్ పరీక్షలకంటే నెలల ముందే ముగిసిపోతుంది. పోర్ట్‌ఫోలియో అడిగే చోట అది ఆలోపే సిద్ధంగా ఉండాలి. కాబట్టి కుట్టుపని ఏడాది మొదటి సగంలో, పోర్ట్‌ఫోలియో మధ్యలో, చివరి నెలలు పూర్తిగా పుస్తకాలకు. పరీక్షల ముందు వారం కొత్త డ్రెస్ మొదలుపెట్టాలన్న కోరిక తప్పకుండా పుడుతుంది. ఆలోచన పుస్తకంలో రాసిపెట్టు, అదెక్కడికీ పోదు.

లెక్కల్ని మాత్రం చిన్నచూపు చూడకు. ప్యాటర్న్ అంటే జ్యామితి, సైజులు పెంచడమంటే నిష్పత్తులు, ధర కట్టడమంటే శాతాలు. గుండ్రటి గేరు స్కర్టు కొయ్యాలంటే నడుము కొలతను 6.28తో భాగిస్తే వ్యాసార్ధం వస్తుంది. 70 సెంటీమీటర్ల నడుముకు 11 సెంటీమీటర్లకు కాస్త పైన. π విలువ (3.14, దాని రెట్టింపే ఆ 6.28) బట్టీ పట్టించిన టీచర్‌కి మనసులోనే దండం పెట్టుకోవచ్చు. కెమిస్ట్రీ రంగుల అద్దకంలో, చరిత్ర డిజైన్ పరిశోధనలో అక్కరకొస్తాయి.

ఐదో అడుగు: పోర్ట్‌ఫోలియో

అందమైన బొమ్మల ఆల్బమ్ అనుకుని దీన్ని పాడుచేసుకునేవాళ్లు ఎక్కువ. చూసేవాళ్లకు నీ బొమ్మ ఎంత ముద్దుగా ఉందన్నదానికంటే నువ్వెలా ఆలోచిస్తావన్నది ముఖ్యం. పది వేర్వేరు డ్రెస్సుల బొమ్మలకంటే ఒకే ఆలోచన ఎక్కడ పుట్టి, ఎన్ని మలుపులు తిరిగి, చివరికి ఏమైందో చూపించే నాలుగైదు పేజీలు బలంగా ఉంటాయి.

ఒక ప్రాజెక్టు ఇలా సాగొచ్చు. మొదటి పేజీలో ఆలోచన పుట్టిన చోటు: తుప్పు పట్టిన గేటు, వడిలిన ఆకు, తాతగారి గొడుగు, ఏదైనా. దాన్ని నువ్వే ఫొటో తియ్యి, నువ్వే గియ్యి. ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మలు అతికించిన మూడ్ బోర్డులు వాళ్లు వేలల్లో చూసి ఉంటారు. రెండో పేజీలో ఆ ఆకారం దుస్తుగా మారే చిన్న చిన్న గీతలు, ఎక్కువగా, చెత్తవి కూడా. తర్వాత గుడ్డ ముక్కలు, రంగులు, వాటి పక్కన ఎందుకు వద్దనుకున్నావో ఒక మాట. ఆ తర్వాత ఇందాక దాచమన్న ట్రయల్ ఫొటోలు, పిన్నులు, పెన్ను గీతలతో సహా. నువ్వు సమస్యను చూసి సరిచేయగలవనడానికి అంతకంటే మంచి సాక్ష్యం లేదు. చివర్లో పూర్తయిన వస్త్రం, మనిషి ఒంటి మీద, ముందు నుంచీ వెనక నుంచీ.

ఫ్యాషన్ బొమ్మల్లో మనిషి సాధారణంగా 9 తలల పొడవుంటాడు, నిజం మనిషి దాదాపు ఏడున్నర. సాగదీసిన బొమ్మ గియ్యడం నేర్చుకో, కానీ నిజమైన కొలతల్లో మనుషుల్ని చూసి గీసిన స్కెచ్‌లు కూడా పెట్టు. పొడుగు కాళ్ల వెనక లోపాలు దాక్కుంటాయని చూసేవాళ్లకు తెలుసు. ఏఐతో చేయించిన బొమ్మలు నీ పనిగా పెట్టకు. ఇంటర్వ్యూలో "ఈ కుట్టు ఎక్కడ తెరుచుకుంటుంది, దీంట్లోకి మనిషి ఎలా దూరుతాడు?" అని అడిగితే అక్కడే దొరికిపోతావు.

ఫొటోలకు స్టూడియో అక్కర్లేదు. కిటికీ పక్క వెలుగు, సాదా గోడ, ఇస్త్రీ చేసిన బట్ట చాలు. కంప్యూటర్ మీద గీతలకు ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్, ప్యాటర్న్‌కు సీమ్లీ2డీ ఉన్నాయి. ప్రేరణకు లండన్ వీ అండ్ ఏ మ్యూజియం, న్యూయార్క్ మెట్ మ్యూజియం, క్యోటో కాస్ట్యూమ్ ఇన్‌స్టిట్యూట్ తమ వస్త్రాల ఫొటోలు ఆన్‌లైన్‌లో ఉంచాయి. వందేళ్ల కిందటి గౌను కుట్టును పెద్దది చేసి చూడొచ్చు, టికెట్ లేకుండా.

ఆరో అడుగు: కోర్సు, కాలేజీ

పేర్లు అందరికీ తెలిసినవే: లండన్‌లో సెంట్రల్ సెయింట్ మార్టిన్స్, న్యూయార్క్‌లో పార్సన్స్, ఎఫ్‌ఐటీ (ఫ్యాషన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ), యాంట్‌వెర్ప్‌లో రాయల్ అకాడమీ, టోక్యోలో బున్కా, మన దేశంలో 1986లో మొదలైన నిఫ్ట్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ). పేరు చూసి వెళ్లేముందు కోర్సు పేరు కింద ఏం నేర్పుతారో సిలబస్ తీసి చదువు. ఫ్యాషన్ డిజైన్, ఫ్యాషన్ టెక్నాలజీ, ఫ్యాషన్ మేనేజ్‌మెంట్ మూడూ వేరు వేరు జీవితాలు. మొదటిదాంట్లో రూపం, రెండోదాంట్లో ఉత్పత్తి, మూడోదాంట్లో వ్యాపారం. మొదటి అడుగులో రాసుకున్న పుస్తకం ఇక్కడ బయటికి తియ్యి.

ఏ కాలేజీనైనా, వీలైతే అక్కడ చదువుతున్నవాళ్లనే, ఇవి అడుగు. కుట్టుమిషన్లు క్లాసు తర్వాత కూడా వాడుకోవచ్చా? మొదటి ఏడాదే ప్యాటర్న్ కటింగ్ ఉందా? ఇంటర్న్‌షిప్ కాలేజీ చూపిస్తుందా, మనమే వెతుక్కోవాలా? ఫీజు కాక గుడ్డలకు, ప్రింట్లకు, ఆఖరి కలెక్షన్‌కు ఎంతవుతోంది? ఈ చివరి ఖర్చు బ్రోచర్‌లో కనిపించదు, ఇళ్లల్లో టెన్షన్ మొదలయ్యేది అక్కడే.

సీటు రాకపోతే? వేరే డిగ్రీ చేస్తూ కుట్టు, ప్యాటర్న్ నేర్చుకోవడం పరువు తక్కువ దారేం కాదు. అర్మానీని, అబ్లోని ఇందాకే చూశాం.

ఏడో అడుగు: ఇంట్లో చెప్పడం

"నాకిది ప్యాషన్" అని మొదలుపెడితే వాదన అవుతుంది. కుట్టిన వస్త్రం చేతిలో పెట్టి మొదలుపెడితే మాట వేరేగా సాగుతుంది.

"ఇది నువ్వే కుట్టావా?"

"అవును నాన్నా, కటింగ్ కూడా నాదే. లోపలి కుట్టు చూడండి."

"బాగానే ఉంది గానీ, దీంతో బతుకు నడుస్తుందా?"

ఈ ప్రశ్నకు కోపం తెచ్చుకోకు, న్యాయమైన ప్రశ్న. జవాబుగా ఒక కాగితం చూపించు: ఏయే కాలేజీలు, మొత్తం ఖర్చు ఎంత, చదివాక ఏయే ఉద్యోగాలు, సీటు రాకపోతే ఏం చేస్తావు, ఆ నిర్ణయం ఏ నెలలోపు తీసుకుంటావు. డిజైనర్ అన్న ఒక్క మాటే కాకుండా మర్చండైజర్, ప్యాటర్న్ మేకర్, క్వాలిటీ కంట్రోల్ అన్న మాటలు ఆ కాగితంలో కనిపిస్తే పెద్దవాళ్ల ముఖం కొంచెం తేలికపడుతుంది. మొదటిరోజే ఒప్పుకోవాలని పట్టుబట్టొద్దు.

ఎనిమిదో అడుగు: వీడ్కోలు రోజు బట్ట, ఆ తర్వాతి సెలవులు

స్కూలు వీడ్కోలు వేడుకకు ఏం వేసుకోవాలన్నది ఎలాగూ నెలల ముందే తలలో తిరుగుతుంటుంది. అదే నీ రెండో వస్త్రం చేసుకో. డిజైన్ రెండు నెలల ముందు ఖాయం చెయ్యి, ట్రయల్ నెలన్నర ముందు, అసలు కుట్టు నెల ముందు. ఆఖరి వారం పొడవు సరిచూడ్డానికి, కింద మడతకు మాత్రమే. ఆ రోజు ఏ చెప్పులు వేసుకుంటావో అవే తొడుక్కుని పొడవు కొలవాలి. వేసుకుని కూర్చో, మెట్లెక్కు, చేతులెత్తి ఫొటోకి నిలబడినట్టు నిలబడు. అందరూ పై గుడ్డకు డబ్బంతా పెట్టి లైనింగ్ దగ్గర పొదుపు చేస్తారు. ఒంటికి తగిలేది లైనింగే, కాబట్టి నేనైతే తిరగేసి చేస్తాను.

పరీక్షలయ్యాక కాలేజీ తెరిచేలోపు దొరికే ఖాళీలో ఆల్టరేషన్లు చేసే టైలర్ దగ్గర కొన్నాళ్లు కూర్చోవడానికి అడుగు. కొత్త బట్టలు కుట్టేచోటుకంటే అక్కడే ఎక్కువ నేర్చుకుంటావు. ఎవరి ఒంటికి ఏది ఎందుకు కుదరలేదో వరసగా కళ్లముందుకు వస్తుంది. మిషన్ ఇవ్వకపోయినా పర్వాలేదు. గుండీలు కుట్టు, కుట్లు విప్పు, వచ్చినవాళ్లు ఏం ఫిర్యాదు చేస్తున్నారో విని పుస్తకంలో రాసుకో.

ఈ ఏడాదిలో చేసిన కాగితం ప్యాటర్న్‌లన్నీ విడివిడిగా కవర్లలో పెట్టు. ప్రతి ముక్క మీదా వస్త్రం పేరు, ఎవరి కొలత, తేదీ, పడుగు బాణం, మార్జిన్ కలిపి ఉందో లేదో, ఆ ముక్క ఎన్ని కొయ్యాలో రాసి ఉండాలి. మార్జిన్ సంగతి రాయని ప్యాటర్న్ ఆరు నెలల తర్వాత ఎవరికీ అర్థం కాదు, గీసినవాళ్లతో సహా.